విష్ణుకుండి మాధవవర్మ - సింహాంకిత నాణెము

మేడ్చల్ నుండి శామీర్‌పేట మీదుగ ఆగ్నేయదిశగ పోవువారికి కీసరగుట్ట కనబడును. శ్రీ రామలింగేశ్వరస్వామి కొలువైన యీ గుట్టమీద ఆరుబయట చెదరియున్న శివలింగములను మహాశివరాత్రినాడు వేలకొలది జనులు సేవింతురు. రావణవధానంతరము శ్రీరాముడు లింగప్రతిష్ఠ చేయ సంకల్పించి హనుమంతుని కాశికి పంపెననియు, ఆయన వచ్చుట జాగగుటచే వేరొక లింగము ప్రతిష్ఠితమయ్యెననియు, ఆలస్యముగ వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన నూటయొక్క లింగములను గుట్టపై వెదజల్లెననియు స్థలపురాణము. హనుమంతుని తండ్రియైన కేసరి పేరిట ఇది కేసరిగిరి యయ్యెనని స్థానికుల విశ్వాసము.

ఈ గుట్టపై 20వ శతాబ్ది చివరి పాదమున పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరుపగా ఇటుక ప్రాకారములు, ఇటుక ఆలయముల పునాదులు, వానితోపాటు చిన్న రాగినాణెములు బయల్పడినవి. నాణెమునకు ఒకవైపున ముంగాలెత్తి నిలిచిన సింహము, రెండవవైపున దీపస్తంభముల నడుమ పూర్ణఘటము గలవు. కొన్నిటిపై ఘటమునకు మారుగ శంఖము కనబడును. ఇనుప గుండునకు రాగిపూత పూసినవియు ఈ జాతి నాణెములలో కలవు. వీనిలో పెక్కింటిపై రాజనామము లేదు, బిరుదము లేదు, దేవతానామమును లేదు. ఇవి విష్ణుకుండి రాజుల నాణెములని విద్వాంసులు నిర్ణయించిరి. ఆ వంశమున మిక్కిలి ప్రసిద్ధుడు మాధవవర్మ. పదునొకండు అశ్వమేధములు, వేయి క్రతువులు చేసినవాడని శాసనములు ఆయనను కీర్తించినవి. అట్టి యజ్వ పాలించిన నేలలో చెలామణియైన నాణెముపై యజ్ఞచిహ్న మొక్కటియు లేకుండుట విచారింపదగిన విషయము. ఆయన చరిత్రను, ఈ పేరులేని నాణెమును కలిపి చదివిననే దీని తత్త్వము బోధపడును.

విష్ణుకుండి యను వంశనామము గుంటూరు సీమలోని వినుకొండ పేరునకు సంస్కృతరూపమని కీల్‌హారన్ పండితుడు మొదట సూచించెను. ఈ రాజులు తమను శ్రీపర్వతస్వామి పాదములను ధ్యానించువారుగ చెప్పుకొనిరి. శ్రీపర్వతము శ్రీశైలమని కొందరు, నాగార్జునకొండ ప్రాంతమని కొందరు వ్యాఖ్యానించిరి. ఇక్ష్వాకుల యనంతరము కృష్ణాతీరమున చిన్నచిన్న రాజ్యములు తలయెత్తి యణగుచుండిన కాలమున వీరు క్రమముగ బలపడి, తెలంగాణ మెరకభూములనుండి తూర్పుతీరము వరకు తమ యధికారమును విస్తరింపజేసిరి.

మాధవవర్మ తండ్రి గోవిందవర్మ. ఆయన బౌద్ధధర్మమున గాఢమైన యాదరము గలవాడు. నేటి యాదాద్రి భువనగిరి జిల్లా రామన్నపేట సమీపమున తుమ్మలగూడెమున దొరకిన తామ్రశాసనము ఇందుకు సాక్షి. అచటి ఇంద్రపురమున ఆయన రాజ్ఞి పరమభట్టారికామహాదేవి కట్టించిన మహావిహారమునకు గోవిందవర్మ తన 37వ రాజ్యసంవత్సరమున, వైశాఖపూర్ణిమనాడు, గ్రామములను దానము చేసెను. మూసీతీరమున చైతన్యపురిలో బండపై చెక్కిన ప్రాకృతశాసనము గోవిందరాజ విహారమును పేర్కొనుచున్నది. దానిని పరిశీలించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి ప్రభృతులు ఆ పేరు ఈ గోవిందవర్మదేయని భావించిరి. కావున నేటి హైదరాబాదు నగరసీమలోనే ఆ కాలమున బౌద్ధభిక్షువుల నివాసము ఉండెనని తేలుచున్నది.

అట్టి యింట పుట్టిన మాధవవర్మ వైదికకర్మమార్గమును చేపట్టెను. శాసనములు ఆయనకు చెప్పిన క్రతువుల పట్టిక దీర్ఘమైనది. అశ్వమేధములు, అగ్నిష్టోమములు మాత్రమే కాక వాజపేయము, పౌండరీకము, బహుసువర్ణము, షోడశి, రాజసూయము, సర్వమేధము, పురుషమేధము మున్నగునవి అందు గలవు. పురుషమేధ మను పేరు చూచి కొందరు ఆధునికులు నరబలి జరిగెనని తలంచిరి. శతపథబ్రాహ్మణము 13వ కాండమున యూపములకు కట్టబడిన పురుషులను పర్యగ్నికరణానంతరము విడిచిపెట్టి, ఆజ్యముతో హోమము చేయుట విహితమై యున్నది. శ్రౌతప్రయోగమును ఎరిగినవారికి ఇందు సందేహము కలుగదు. సర్వమేధమును అట్లే సర్వస్వదక్షిణాప్రధానమైన క్రతువు. వేయి సంఖ్యను యథార్థముగ గ్రహింపవలెనా, ప్రశస్తిగ గ్రహింపవలెనా యనుట వేరు ప్రశ్న. ఆ సంఖ్యను ఆయన సంతతివారు తరతరములుగ తమ శాసనములలో నిలుపుకొనిరనుట మాత్రము నిశ్చితము.

క్రతువులకు ధనము, బలము కావలెను. మాధవవర్మకు అవి రెండును సమకూరుటకు వాకాటక సంబంధము ముఖ్యకారణము. విదర్భమును ఏలిన వాకాటకుల ఆడుపడుచును ఆయన వివాహమాడెను. వారి కుమారుడు మొదటి విక్రమేంద్రవర్మ విష్ణుకుండి వాకాటక వంశములు రెండింటికిని అలంకారమైనవాడని చిక్కుళ్ళ శాసనము వర్ణించుచున్నది. ఆమె ఏ వాకాటకరాజు పుత్రికయను విషయమున భేదాభిప్రాయములున్నవి. వాకాటక ప్రాభవము క్షీణించిన కాలమున దక్కను నడిభాగమున మాధవవర్మ ప్రతిష్ఠ పెరిగెననుట పెక్కుర మతము. మహారాష్ట్రమున పూర్వము సతారా మండలమునకు చెందిన ఖానాపురమున దొరకిన శాసనము క్రతువులు పెక్కు చేసిన మాధవవర్మను పేర్కొనుట ఈ మతమునకు బలము చేకూర్చుచున్నది.

ఆయన కాలమును నిర్ణయించుట చిరకాలము చిక్కుగనుండెను. ఇందు రెండు పక్షములు గలవు. గోదావరి మండలమునకు చెందిన పొలమూరు శాసనమున, విక్రమహేంద్రుని మనుమడును గోవిందవర్మ కుమారుడును నగు జనాశ్రయ బిరుదాంకితుడైన మాధవవర్మ, తూర్పుదిక్కును జయింపగోరి గోదావరిని దాటుచు, చంద్రగ్రహణ సమయమున పులొంబూరు గ్రామమును శివశర్మ యను వేదవిదునకు ఇచ్చెనని కలదు. అదే గ్రామమును ఆ శివశర్మ కుమారుడైన రుద్రశర్మకు తూర్పు చాళుక్యరాజు మొదటి జయసింహుడు మరల ఇచ్చెనని వేరొక శాసనము చెప్పుచున్నది. జయసింహుడు 7వ శతాబ్దివాడు. తండ్రికి దానమిచ్చిన మాధవవర్మ ఆయనకు ఒక తరము ముందువాడే కావలెనని పూర్వపక్షము.

తుమ్మలగూడెమున దొరకిన రెండవ శాసనము ఈ పక్షమును సవరింపజేసినది. బి.ఎన్. శాస్త్రి ప్రకటించిన యీ శాసనమునకు శకవర్షము 488, అనగా క్రీ.శ. 566, స్పష్టముగ కలదు. దానిని వేయించినవాడు రెండవ విక్రమేంద్రవర్మ. ఆయన తండ్రి ఇంద్రభట్టారకవర్మ, తాత మొదటి విక్రమేంద్రవర్మ, ముత్తాత క్రతుకర్తయైన మాధవవర్మ. 566లో రాజ్యమేలుచున్న రాజునకు ముత్తాతయైనవాడు 7వ శతాబ్దివాడు కాజాలడు. ఆయనను 5వ శతాబ్ది ఉత్తరభాగమున నిలుపుట యుక్తము. కావున పొలమూరు శాసనకర్త అదే పేరుగల తరువాతి రాజని పలువురు నిశ్చయించిరి. ఇద్దరిని ఏకముచేయువారు శివశర్మ రుద్రశర్మ నామములు ఆ కుటుంబమున తరతరములుగ మరలిమరలి వచ్చినవని సమర్థింతురు. మనుమనికి తాత పేరిడు ఆచారము గల దేశమున ఈ సమర్థన అసంభవము కాదు. అయినను తాత పేరు విక్రమహేంద్రుడని పొలమూరు శాసనము చెప్పుటయు, గోవిందవర్మ తండ్రి మాధవవర్మయని తుమ్మలగూడెపు శాసనము చెప్పుటయు పరస్పరము పొసగవు. అందుచే ఇద్దరు మాధవవర్మలను వేరుచేయుటయే బలవత్తరముగ తోచును.

జనాశ్రయ నామముతో సంస్కృతవిద్యకు ఒక సంబంధము గలదు. జనాశ్రయీ ఛందోవిచితి యను ఛందశ్శాస్త్రగ్రంథమును మానవల్లి రామకృష్ణకవి వెలికిదెచ్చి పరిష్కరించెను. ఆ పేరిటి జనాశ్రయుడు విష్ణుకుండి మాధవవర్మయేయని ఆయన యభిప్రాయము. ఏ మాధవవర్మకు దానిని చెప్పినను, యజ్ఞశాలతోపాటు శాస్త్రగోష్ఠియు ఈ వంశమున ఆదరింపబడెననుటకు అది నిదర్శనము.

ఇక నాణెము మాట. పేరులేని నాణెమును విష్ణుకుండులదని ఎట్లు గుర్తించిరనగా, తామ్రశాసనముల ముద్రికలే అందుకు ఆధారము. చిక్కుళ్ళ శాసనపు ముద్రికపై కుడి ముంగాలెత్తి, నోరు తెరచి, తోకను పైకి వంచి నిలిచిన సింహమున్నది. రామతీర్థ శాసనముద్రికపైనను సింహమే కలదు. నాణెములపైని సింహము ఇదే భంగిమలో ఉండుటయు, ఆ నాణెములు విష్ణుకుండులు ఏలిన భూములలో దొరకుటయు ఈ నిర్ణయమునకు హేతువులు. సింహము వంశచిహ్న మగుటచేతనే రాజులు మారినను అది మారలేదు. అందుచేతనే ఫలానా నాణెము మాధవవర్మ కాలపుదేయని వేలెత్తి చూపుట కష్టము.

దీని విశేషము తెలియుటకు రోము నాణెములతో పోలిక ఉపకరించును. రోము నాణెములు తెలుగుదేశమునకు క్రొత్తవి కావు. నల్లగొండ సీమలోని అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణెములు పదిహేనువందలకు పైబడి ఒక్కచోట దొరకినవి. నాగార్జునకొండలో రోము బంగారు నాణెములు లభించినవి. మేడ్చల్‌కు పడమరనున్న మెదకుసీమ కొండాపురమున రోము నాణెమును అనుకరించి మట్టితో చేసిన బిళ్ళలను జనులు ఆభరణములుగ ధరించిరి. అనగా ఆ బొమ్మ ఎవరిదో, దానిపై వ్రాత ఏమో తెలియకున్నను, దాని యందమునకు ఇచటివారు ముచ్చటపడిరన్నమాట. 4, 5 శతాబ్దుల రోము కంచు నాణెములు తమిళదేశమునను సింహళమునను విరివిగ దొరకినవి.

ఆ రోము నాణెమున ఒకవైపు చక్రవర్తి ముఖము, చుట్టును ఆయన పేరు, బిరుదములు ఉండును. రెండవవైపు దేవత యో, ఆలయమో, బలిపీఠమో యుండును. నీరో చక్రవర్తి తన కంచు నాణెములపై జానస్ దేవుని యాలయమును తలుపులు మూసియుండగా ముద్రింపజేసెను. యుద్ధములు ముగిసినవని చాటుట దాని యుద్దేశము. కాన్‌స్టంటైన్ చక్రవర్తి (306-337) కంచు నాణెములపై తొలుత సూర్యదేవుడు చక్రవర్తికి సహచరుడుగ కనబడును. ఆయన క్రైస్తవపక్షమునకు మరలిన పిదప సూర్యుడు క్రమముగ తొలగెను. క్రీస్తునామాక్షరముల గుర్తును శిరమున దాల్చిన ధ్వజము సర్పమును గ్రుచ్చుచున్నట్లు గల కంచు నాణెము 327 ప్రాంతమున కాన్‌స్టాంటినోపుల్ టంకశాలనుండి వెలువడెను. పిదప జూలియన్ చక్రవర్తి (361-363) పూర్వదేవతారాధనమును పునరుద్ధరింపబూని, పెద్ద కంచు నాణెముపై రెండు నక్షత్రముల క్రింద వృషభమును ముద్రింపజేసెను. అంతియోకు నగరవాసులు ఆ నాణెమును పరిహసించిరి. ఈ విధముగ అచట పాలకుని మతము మారినప్పుడు అంగడిలోని చిల్లరనాణెపు బొమ్మయు మారెను. నాణెము చేతికి వచ్చిన ప్రతివానికిని రాజు ఏ దేవుని పక్షమున నున్నాడో తెలిసెను.

భరతఖండమునను ఇట్టి పద్ధతి లేకపోలేదు. సముద్రగుప్తుడు, మొదటి కుమారగుప్తుడు అశ్వమేధము చేసి, యూపము ముందు నిలిచిన గుఱ్ఱమును బంగారు నాణెములపై ముద్రింపజేసిరి. మాధవవర్మ పదునొకండు అశ్వమేధములు చేసినవాడు. ఆయన నాణెముపై గుఱ్ఱమును యూపమును వెదకువారికి సింహమును ఘటమును మాత్రమే కనబడును. తండ్రి విహారములకు గ్రామములిచ్చెను. కుమారుడు సోమయాగములు చేసెను. ఒక్క తరములో రాజగృహపు ఆచారము ఇంతగ మారినను, వంశముద్రయైన సింహము చెక్కుచెదరలేదు.

ఇందుకు కారణము నాణెముల ఉపయోగభేదమున వెదకవలెను. గుప్తుల అశ్వమేధ నాణెము బంగారుది. అట్టిది యాగానంతరము దక్షిణగ, సత్కారముగ ఇచ్చుటకు తగినది. దానిని గ్రహించువాడు ఆ గుర్తు నెఱిగిన విద్వాంసుడు. విష్ణుకుండుల రాగినాణెము అంగడిలో ఉప్పునకు, నూనెకు, కూలికి చెల్లునది. కీసరగుట్ట బండపై తొలుచువాండ్రు అని చెక్కిన చిన్న తెలుగు శాసనమున్నది. రాతిని తొలుచు శిల్పకారుల సమూహమును అది తెల్పును. తెలంగాణమున దొరకిన మిక్కిలి ప్రాచీనములైన తెలుగు మాటలలో దీనిని గణింతురు. ఆ తొలుచువారి చేతికి వచ్చిన చిల్లర ఇటువంటి రాగినాణెమే యయి యుండునని ఊహించుట సహజము. వారిలో శివభక్తులుండవచ్చును, బౌద్ధోపాసకులుండవచ్చును. సింహము శాక్యసింహుని భక్తునకు బుద్ధుని స్ఫురింపజేయును. శక్త్యుపాసకునకు దుర్గావాహనమగును. వైష్ణవునకు నృసింహుని తలపించును. ఏ మతమునకు చెందని వర్తకునకు అది రాజముద్ర మాత్రమే. పూర్ణఘటమును అట్టిదే. అమరావతి స్తూపశిలలపై అది కలదు; దేవాలయ ద్వారములపైనను కలదు. ఎవ్వరును కాదనజాలని చిహ్నములివి.

ఈ యభిప్రాయమునకు మాధవవర్మ మునిమనుమని నడవడియే బలమైన ప్రమాణము. రెండవ విక్రమేంద్రవర్మ తన 10వ రాజ్యసంవత్సరమున, లెండులూరు అనగా నేటి దెందులూరునుండి, చిక్కుళ్ళ శాసనము ద్వారా శివాలయమునకు గ్రామదానము చేసెను. మరుసటి యేట, శకవర్షము 488లో, తన పూర్వుల రాజ్ఞి కట్టించిన ఇంద్రపుర మహావిహారమునకు గ్రామమిచ్చెను. మొదటి శాసనమున శివుడు ప్రతిగ్రహీత, రెండవదానిలో భిక్షుసంఘము ప్రతిగ్రహీత. దాత మాత్రము ఒక్కడే. ముత్తాత చేసిన క్రతువులను బౌద్ధవిహార దానశాసనమునందే ఆయన సగర్వముగ చెప్పుకొనెను. సోమయాజి మునిమనుమడు భిక్షువులకు భూమినిచ్చుచు సోమయాజిని స్తుతించుటలో ఆనాటివారికి విరోధము కనబడలేదు. అట్టి రాజ్యమున నాణెము ఒక పక్షమును పట్టకుండుట వింత కాదు.

ఇట్లని రాగినాణెముపైని సింహమునకు మతార్థమే లేదనుట అతివ్యాప్తి యగును. ఒక్క మతమునకే దానిని కట్టివేయుట అవ్యాప్తి యగును. కొందరు సింహమును చూచి ఈ నాణెములన్నియు బౌద్ధరాజులవనిరి. మరికొందరు పూర్ణఘటమును చూచి వైదికులవనిరి. రోము నాణెమును చదివిన కంటితో ఈ నాణెమును చదువుటచే కలిగిన పొరపాటిది. అచట చిహ్నము ప్రభువు మతమును చాటును. ఇచట చిహ్నము వంశమును గుర్తించి, మతమును చూచువాని భావమునకు విడుచును. కీసరయను పేరునకును, కేసరియను సింహనామమునకును, నాణెముపైని సింహమునకును ముడివేయుటయు అట్లే సాహసము. స్థలపురాణము చెప్పు కేసరి హనుమంతుని తండ్రి. శబ్దసామ్యము మాత్రము ప్రమాణము కాదు.

మాధవవర్మ కీర్తి ఆయన వంశముతో అంతరింపలేదు. 7వ శతాబ్ది ప్రారంభమున చాళుక్యులు తీరాంధ్రమును ఆక్రమించుటతో విష్ణుకుండుల యధికారము ముగిసెను. అయినను ఆయన నామము బెజవాడ కథలో నిలిచినది. రాజకుమారుని రథము క్రిందపడి చింతచిగురు అమ్ముకొను పేదరాలి బిడ్డ మరణించెననియు, మాధవవర్మ కన్నకొడుకని చూడక మరణదండన విధించెననియు, ఆ ధర్మనిష్ఠకు మెచ్చి దైవము బిడ్డలను బ్రతికించి నగరమున కనకవర్షము కురిపించెననియు ఆ కథ. విజయనగర ప్రభువులైన పూసపాటివారు మొదలగు క్షత్రియకుటుంబములు తాము మాధవవర్మ సంతతివారమని చెప్పుకొనిరి. ఉండవల్లి, మొగల్రాజపురము గుహాలయములను విష్ణుకుండుల కాలమునకు చెప్పువారును గలరు.

కథలోని రాజు పేదరాలి పక్షమున తీర్పు చెప్పగా బంగారు వాన కురిసెను. చరిత్రలోని రాజు వంశపు నాణెము రాగిది, కొన్నిచోట్ల లోపల ఇనుము గలది. అది పేదరాలి చేతికిని చేరు నాణెము. శాసనములు విద్వాంసులకు చెప్పిన పదునొకండు అశ్వమేధముల మాట దానిపై లేదు. గోవిందవర్మ విహారము, మాధవవర్మ యజ్ఞశాల, విక్రమేంద్రుని శివాలయము వేరువేరు స్థలములలో వెలసినవి. ఆ మూడింటి ముంగిట చెల్లినది ఒకే సింహము.

కీసరగుట్ట త్రవ్వకములవంటి వానిలో నాణెము ఏ పొరలో, ఏ కట్టడము చెంత, ఏ వస్తువుతో కలిసి దొరకినదో యనునదే దాని యర్థమును నిర్ణయించును. పేరుగల రోము నాణెము తన స్థానమునుండి తొలగినను తన రాజును చెప్పగలదు. పేరులేని సింహనాణెము నేలనుండి వేరైనచో మూగదగును. గుట్టచుట్టును ఇండ్లు, బాటలు పెరుగుచున్న యీ కాలమున, దున్నకమునను పునాదులలోను దొరకిన నాణెమును కరిగింపక, దొరకిన చోటును గుర్తించి పురావస్తు శాఖకు తెల్పుట మాధవవర్మ చరిత్రకు చేయదగిన సేవ. పొలమూరు శాసనపు మాధవవర్మ ఎవరను వివాదమునకు కూడ, ఒకనాడు స్థానము తెలిసిన నాణెమే సమాధానము చెప్పవచ్చును.